ఆ పెన్‌డ్రైవ్‌ను ఒక్కసారి తెరిచి చూడండి

కృష్ణా డెల్టా డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు, పాఠ్యప్రణాళికలు తయారుచేసే పెద్దలకు,



"రికార్డు ఏదమ్మా?"

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వైవా రోజున బల్లకు అవతల కూర్చున్న పెద్దలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నేను సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. అందులో 14 నిమిషాల లఘుచిత్రం ఉంది. ఐదుగురం కలిసి నాలుగు నెలలు బందరు, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక బస్సుల్లో తిరిగి తీసిన చిత్రం. 1977 దివిసీమ ఉప్పెనలో బతికి బయటపడ్డ ఒక మామ్మ మాటలు అందులో ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవ్‌ను ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. "సినిమాలు తీయమనా మీ ఇంట్లోవాళ్లు కాలేజీకి పంపింది?" అన్నారు ఒకరు. "నలభై పేజీల రికార్డు స్పైరల్ బైండింగ్ చేయించి సోమవారం లోపు ఇవ్వండి, లేకపోతే మార్కులు వెయ్యలేం" అన్నారు ఇంకొకరు.

ఇచ్చాం. శని, ఆదివారాలు రాత్రంతా కూర్చుని పాత బ్యాచ్ వాళ్ల రికార్డు ముందు పెట్టుకుని నింపాం. ఊరి పేరు మార్చాం. ఇళ్ల సంఖ్య మార్చాం. మేం ఎన్నడూ అడగని ప్రశ్నలకు, ఎవరూ చెప్పని జవాబులకు శాతాలు కట్టి పట్టికలు గీశాం. సోమవారం సంతకాలు పడ్డాయి. మార్కులు వచ్చాయి, బాగానే వచ్చాయి. ఆ మార్కులే నన్ను ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. నాలుగు నెలల నిజం బల్ల మీద అలాగే ఉండిపోయి, రెండు రాత్రుల అబద్ధం గట్టెక్కింది. దీన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను. మీరు ఎలా ఒప్పుకుంటున్నారు?

ఏ కాలేజీ, ఎవరు అన్నారు అన్నది ఇక్కడ అనవసరం. వేరే ఊళ్లలో చదివే స్నేహితులను అడిగితే వాళ్లూ ఇదే చెప్పారు. కాబట్టి ఈ ఉత్తరం ఒకరికి కాదు, మీ అందరికీ.

ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో మీరు అడగలేదు కాబట్టి ఇప్పుడు చెబుతాను. మా తప్పుతోనే మొదలుపెడతాను. మేం మొదట రాసుకున్న స్క్రిప్టులో తెల్లచీర కట్టిన ఒక అమ్మాయి సముద్రం ఒడ్డున పరుగెత్తుతుంది, బిడ్డ పేరు పెట్టి గట్టిగా అరుస్తుంది, మోకాళ్ల మీద కూలబడుతుంది. టీవీలో చూసి నేర్చుకున్న ఏడుపు అది. హంసలదీవి దాటి పాలకాయతిప్ప ఒడ్డున రెండు రోజులు అదే తీశాం. చాలా బాగా వచ్చిందనుకున్నాం. ఆ సాయంత్రం మాలో ఒకమ్మాయి ఇంట్లో అరుగు మీద కూర్చుని ఫోన్లో చూసుకుంటుంటే, వాళ్ల నాన్న వలకు ముడులు వేస్తూ ఓ కంట చూశారు. చిన్నప్పుడు తల్లి భుజమ్మీద ఆ ఉప్పెన దాటి బతికినవాడాయన. సినిమా అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అరవటానికి గొంతెక్కడిదమ్మా? నోరు తెరిస్తే ఉప్పునీళ్లేనని మా అమ్మ చెప్పేది" అని మళ్లీ ముడి వెయ్యడంలో పడ్డారు.

ఆ రాత్రే ఆ రెండు రోజుల షూటింగ్ మొత్తం తీసిపారేశాం. ఎవరమూ పోట్లాడుకోలేదు. మూడేళ్ల డిగ్రీలో నేను రాసింది తప్పని నాకు నేనుగా ఒప్పుకుని కొట్టేసుకున్న సందర్భం అదొక్కటే. పరీక్షల్లో ఆ అవకాశం ఎప్పుడూ రాలేదు.

తర్వాత మామ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె పేరు సినిమాలో లేదు, ఇక్కడా రాయను. నాగాయలంక అవతల కరకట్ట పక్క ఊరు. మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చింది. పింఛను సర్వేకి వచ్చామనుకుంది. కాదు మామ్మా అంటే, "మరెందుకొచ్చారే?" అంది. ఐదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రాజెక్టు కోసం అని చెప్పడానికి నోరు రాలేదు. మజ్జిగ తాగి వచ్చేశాం. రెండోసారి వెళ్లినప్పుడు ఫోను సంచిలోంచి తీయనేలేదు. ఎండుచేపలు ఏరుతుంటే పక్కన కూర్చుని మేమూ ఏరాం. మూడోసారి ఆమే, "ఏదీ, మీ కెమెరా తెచ్చుకోలేదా?" అని అడిగింది.

చేతులు ఆపకుండానే చెప్పింది. "పొద్దుట్నించీ ఈదురుగాలి. రాత్రికి ముందు చప్పుడొచ్చింది. రైలొచ్చినట్టు. మా ఊరికి రైలెక్కడిదనుకున్నా." అక్కడ ఆగింది. కుడిచేత్తో ఎడమ మోచేతి కింద రాసుకుంటూ చాలాసేపు ఊరుకుంది. అక్కడ తెల్లగా మచ్చలున్నాయి. తెల్లారేదాకా ఆమె వాటేసుకున్న తుమ్మచెట్టు ముళ్లు దిగిన చోటు అది. మా కెమెరా ఆమె మొహానికి బిగించి ఉంది. చెయ్యి ఫ్రేములో లేదు.

ఆ సాయంత్రం నాగాయలంక బస్టాపులో మేం గంటసేపు వాదించుకున్నాం. రేపు వెళ్లి ఇంకోసారి అలా చెయ్యి రాసుకోమని అడుగుదామా? ఒకడు అడుగుదామన్నాడు. ఒకమ్మాయి, "మీ మామ్మనైతే అడుగుతావా?" అంది. అడగలేదు. కాబట్టి మా సినిమాలో ఆ మచ్చలు లేవు. మాట్లాడే మనిషికి మొహం ఒక్కటే కాదు, చేతులూ ఉంటాయని ఆ తర్వాత నుంచి కెమెరా వెనక్కి జరిపి పెట్టడం నేర్చుకున్నాం. మాకు ఈ పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఒక పెద్దావిడ చెయ్యి చూసి తెలిసింది.

రెండు రోజుల తర్వాత ఆమె పక్కింటి కుర్రాడి చేత ఫోను చేయించింది. మాటల్లో తన బిడ్డ పేరు చెప్పిందట, అది తీసెయ్యాలట. "మీకంటే చెప్పాగానీ ఊరందరికీ ఎందుకు?" అంది. తీసేశాం. ఆ పేరు ఉండాల్సిన చోట ఇప్పుడు రెండు సెకన్లు గాలి చప్పుడు మాత్రమే వినబడుతుంది. చూసినవాళ్లు అక్కడ సౌండు పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి.

సౌండు సంగతి వేరే చెప్పాలి. ఇప్పుడు దివిసీమలో నిశ్శబ్దం దొరకడం ఎంత కష్టమో మైకు పెట్టినవాడికే తెలుస్తుంది. పొలాలు ఆక్వా చెరువులయ్యాయి, చెరువుల్లో రాత్రింబవళ్లు ఏరేటర్లు తిరుగుతుంటాయి. మామ్మ గొంతు వెనక ఆ రొద. ఆమె మాట్లాడేది నీళ్లు చేసిన నాశనం గురించి, వెనక వినబడేది నీళ్లను చిలికి బతికే ఊరు. రొద లేకుండా తీయాలని కరెంటు కోత కోసం కాచుక్కూర్చున్నాం. కోత వస్తే జనరేటర్లు మొదలయ్యాయి. చివరికి ఆ చప్పుడును ఉంచేశాం, అది కూడా ఈ నేల గొంతే కదా అని. 1977లో వరి కోతకొచ్చిన పొలాల మీదికి ఉప్పునీళ్లు వచ్చాయి. ఇప్పుడు ఆ పొలాల్లోకే ఉప్పునీళ్లు మనమే మోటార్లు పెట్టి తోడుకుంటున్నాం. బీఏలో ఆర్థికశాస్త్రం చదువుతూ ఆక్వా గురించి పది మార్కుల ప్రశ్నకు జవాబు రాశాను. అది నాకు అర్థమైంది మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రొదను తగ్గించడానికి తంటాలు పడుతున్నప్పుడు.

ఎడిటింగ్ ఫోన్లోనే చేశాం. ఆరు గంటలకు పైగా ఉన్న దృశ్యాలను 14 నిమిషాలకు తేవాలి. మామ్మ ఊరుకున్న చోటు 19 సెకన్లు. మాలో గుడివాడ కుర్రాడు ఐదు సెకన్లకు కోసేద్దామన్నాడు, ఎవరూ అంతసేపు చూడరని. మూడు రోజులు ఆ 19 సెకన్ల మీదే తగువు. చివరికి వాడే, "నేను కళ్లు మూసుకుని విన్నాను, అప్పుడు సరిపోయింది" అని ఒప్పుకున్నాడు. మొత్తం 19 సెకన్లూ ఉంచాం.

అయ్యా, అమ్మా! మీ నలభై పేజీల రికార్డులో ఈ తగువుకు చోటెక్కడ? తీసేసిన పేరుకు ఏ పట్టికలో గడి ఉంది? తప్పని తెలిసి పారేసిన రెండు రోజులకు ఎన్ని మార్కులు?

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని మా మీద పెట్టింది మీరే. 180 గంటలు జనం మధ్యకు వెళ్లమన్నది మీరే. ఆలోచన గొప్పది, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. పుస్తకం మూసి ఊళ్లోకి వెళ్లమని విద్యార్థికి చెప్పే చదువు కన్నా కావలసిందేముంటుంది? కానీ ఊళ్లోకి వెళ్లామా లేదా అని మీరు అడగడం మానేశారు. బైండింగ్ ఉందా, కవరు పేజీ మీద ముద్ర ఉందా అని చూస్తున్నారు. బందరులో జిరాక్స్ షాపుల వాళ్లకు తెలుసు, ఏ నెలలో ఏ రికార్డు ఎన్నిసార్లు ఊరి పేరు మార్చుకుంటుందో. వాళ్లకు తెలిసింది మీకు తెలియదని ఎలా అనుకోమంటారు? ఆ రికార్డు కింద సంతకం మీది. ఆ ఊరికి మేం వెళ్లామని, ఆ జనంతో మాట్లాడామని ఆ సంతకం చెబుతోంది. వెళ్లకుండా రాసినదానికి మీ సంతకం పడింది, వెళ్లి తీసినదానికి పడలేదు.

మాకు పోయేది ఒక సెమిస్టరు. ఈ డెల్టాకు పోయేది దానికంటే పెద్దది.

1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి పోయినవాళ్లు దాదాపు పదివేలని ప్రభుత్వ లెక్క. దివిసీమలో ఆ లెక్కను నమ్మే పెద్దవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతున్నాయి. అప్పుడు నలభై ఉన్నవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మేం కలుద్దామని రాసుకున్న జాబితాలో ఒక తాతయ్య, మేం రెండోసారి బస్సు దిగేసరికే పోయారు. వాకిట్లో ఇంకా షామియానా ఉంది. ఈ చావులను ఆపలేం. మాటను మాత్రం నిలుపుకోవచ్చు, ఒక ఫోను, ఒక మైకు, ఓపికగా వినే నలుగురు పిల్లలు ఉంటే. ఆ పిల్లలు వేల సంఖ్యలో ఉన్నది ఎక్కడ? మీ తరగతి గదుల్లో.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫై వేలమంది దాకా పోయారంటారు. దాని గురించి ఇవాళ మనం చదువుకునేది చాలావరకు ఆంగ్లేయ అధికారులు, మిషనరీలు రాసిపెట్టినదే. చిలకలపూడిలోనో, గిలకలదిండిలోనో ఆ రాత్రి చూరు పట్టుకుని బతికిన ఒక అమ్మ ఏమన్నదో ఎవరైనా చెప్పగలరా? అప్పుడు మనవాళ్ల చేతిలో యంత్రం లేదు, ఆ తప్పు వాళ్లది కాదు. 1977 మాటలు కూడా అలాగే పోతే ఆ తప్పు ఎవరిది?

హిరోషిమాలో మోటోమాచి హైస్కూల్ అని ఒకటి ఉంది. అక్కడి పిల్లలు 2007 నుంచి అణుబాంబు దాడిలో బతికినవాళ్లతో నెలల తరబడి కూర్చుని, వాళ్లు చూసినదాన్ని విని బొమ్మలు గీస్తున్నారు. పెద్దాయన "ఆకాశం ఆ రంగు కాదు" అంటే చెరిపి మళ్లీ వేస్తారు. ఆ బొమ్మలు అక్కడి శాంతి మ్యూజియంకు చేరతాయి. వాళ్లు మాకంటే చిన్నపిల్లలు. వాళ్ల పెద్దలు కుంచె పట్టనిచ్చారు. మీరు మమ్మల్ని కెమెరా పట్టనివ్వడానికి అడ్డమేమిటి?

సినిమా అన్న మాటే మీకు అడ్డమని వైవా రోజున తెలిసింది. ఆ మాటను ఈ కృష్ణా జిల్లాలో ఇంత చులకనగా ఎలా అనగలిగారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. తెలుగు సినిమాకు పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య 1869లో పుట్టింది ఈ బందరులోనే. ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' తీసిన సారథి వారి సంస్థ వెనక ఉన్నది దివిసీమ గుమ్మంలోని చల్లపల్లి జమీందారు. జమీందారు డబ్బుతో, జమీందారీ దౌర్జన్యం మీద, గూడవల్లి రామబ్రహ్మం 1939లో 'రైతుబిడ్డ' తీశారు. సినిమా అంటే ఏమిటో మన తాతలకు అంత తెలుసు. 'దేవదాసు' తీసిన వేదాంతం రాఘవయ్య కూచిపూడివారు. నిమ్మకూరు రామారావు, రామాపురం నాగేశ్వరరావు సంగతి నేను చెప్పాలా? ఆ ఇద్దరూ 1977లో జోలె పట్టి ఊరూరా తిరిగి దివిసీమ కోసం చందాలు పోగేశారు. సినిమావాళ్లు ఆ రోజు ఉప్పెన బాధితుల దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఉప్పెన బాధితురాలే సినిమాగా మీ దగ్గరికి వస్తే, మీరు తలుపు వేశారు.

ఇంకొక మాట బాధతోనే అంటున్నాను. వార్షికోత్సవానికి సినిమా పాటల మీద డాన్సులకు సెమినార్ హాలు, స్పీకర్లు, లైట్లు అన్నీ ఇస్తారు. రిహార్సల్స్‌కు వారం రోజులు క్లాసులూ వదిలేస్తారు. ఇవ్వండి, మేమూ ఆడతాం, మాకూ ఇష్టమే. మన ఊరి మామ్మ మాట్లాడే 14 నిమిషాలకు అదే హాలు అడిగితే ప్రొజెక్టరు పాడైందన్నారు. పక్కవారం అదే ప్రొజెక్టరు మీద ఒక కంపెనీ వాళ్లు కోచింగు ప్రకటన వేశారు.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. మార్కులు ఎలా వెయ్యాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరెవరిని కలిశాం, ఎన్నిసార్లు వెళ్లాం, ఏది తీసేశాం, ఎందుకు తీసేశాం అని మేం రోజూ రాసుకున్న నోటుపుస్తకం ఉంది. నూటపది పేజీలు. మామ్మ వేలిముద్ర వేసి ఇచ్చిన అంగీకారపత్రం ఉంది. అవి తెప్పించుకోండి. సినిమా వేసి చూసి, ఈ ముక్క ఇక్కడ ఎందుకు కోశారని అడగండి. ఆ ప్రశ్నకు ఇంటర్నెట్ నుంచి జవాబు దొరకదు. ఆడపిల్లలు ఊళ్లు పట్టుకుని తిరగడం భద్రం కాదంటారు. మా అమ్మా అదే అంది. అలాగైతే మాతో ఒక లెక్చరర్‌ను పంపండి. వద్దనడం కన్నా తోడు రావడం మీకు తగిన పని. ఫోన్లు పాడుచేస్తున్నాయంటారు. నిజమే. అదే ఫోనును వినడానికి వాడుకున్న ఐదుగురిని మీరే వెనక్కి పంపారు కదా?

అందరూ సినిమాలే తీయాలని నేను అనడం లేదు. రాయగలిగినవాళ్లను రాయనివ్వండి, మంచి రికార్డు రాసినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. తీయగలిగినవాళ్లు తీసినదాన్ని కూడా రికార్డేనని ఒప్పుకోండి. అలా వచ్చిన ప్రతిదానికీ కాలేజీ లైబ్రరీలో ఒక చోటు, ఒక నంబరు ఇవ్వండి. పెడన కలంకారీ పనివారి గురించి, చిలకలపూడి బంగారుపూత నగల పని గురించి, ఎదురుమొండి పడవ నడిపేవారి గురించి తీయడానికి ఇప్పుడే సిద్ధంగా ఉన్న జూనియర్లను నేను చూశాను. మా సంగతి విని, "అక్కా, ఎందుకులే, రికార్డే రాసేద్దాం" అంటున్నారు. ఇరవై ఏళ్లకే "ఎందుకులే" అనడం వాళ్లకు నేర్పింది ఎవరు?

సినిమా పూర్తయ్యాక మామ్మకు చూపించాం. వాళ్ల వాకిట్లో తెల్లపంచె కట్టి, అద్దెకు తెచ్చిన చిన్న ప్రొజెక్టరుతో వేశాం. వీధివీధంతా వచ్చి కూర్చుంది. పేరు తీసేసిన చోట గాలి చప్పుడు వచ్చినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. అయిపోయాక, "మీ కాలేజీలో మాస్టార్లు చూశారా? ఏమన్నారు?" అని అడిగింది. "ఇంకా చూడలేదు మామ్మా, చూస్తారు" అన్నాను.

2027 నవంబరు 19కి ఆ రాత్రికి యాభై ఏళ్లు నిండుతాయి. అంతదాకా ఆగకండి. ఏదో ఒక సాయంత్రం మీ సెమినార్ హాలు తెరవండి. ప్రొజెక్టరు లేదంటే మేమే అద్దెకు తెస్తాం. మామ్మను నాగాయలంకలో బస్సెక్కించి నేనే తీసుకొస్తాను. ముందు వరుసలో ఆమెకు ఒక కుర్చీ వేయించండి.

ఇట్లు,
మీ దగ్గర చదువుకున్న ఒక దివిసీమ అమ్మాయి